ఒకే పట్టీ, రెండు జవాబులు

సీడ్ పత్తి క్రాసింగ్ రోజులొస్తే మన ఆలంపూర్, గద్వాల వైపు బడుల్లో హాజరు పట్టీ ఎట్లా ఉండేదో మీకు చెప్పనక్కర లేదు. ఒకరికి గైర్హాజరు సున్నా, పక్కవాడికి నలభై రోజులు. ఇట్లా లెక్కపెడితే వచ్చే అంకెలకు మామూలు ప్రతిగమనం సరిపోదు.

పి.జి.లో మేము ఈ పద్ధతిని ఆస్ట్రేలియా పిల్లల లెక్కతో నేర్చుకున్నాము. న్యూ సౌత్ వేల్స్‌లోని వాల్గెట్ అనే ఊళ్లో 146 మంది పిల్లలు ఒక విద్యాసంవత్సరంలో ఎన్ని రోజులు బడి మానారో అందులో ఉంది. ఆదివాసీలా, కాదా అన్నది కూడా రాసి ఉంది. ఆర్ సాఫ్ట్‌వేర్ మాస్ ప్యాకేజీలో 'క్వైన్' పేరుతో దొరుకుతుంది.

గైర్హాజరు సగటు సుమారు 16.5 రోజులు, విస్తృతి 264. పాయిజాన్ విభాజనంలో ఈ రెండూ సమానంగా ఉండాలి. పిల్లలను వయసు, వర్గం వారీగా విడదీసినా ఇంత తేడా పోదు. అందుకే రుణ ద్విపద నమూనా తీసుకున్నాము.

ఆర్‌లో మాకు 'ఎన్' వర్గం గుణకం -0.569 వచ్చింది. ఎన్ అంటే నేటివ్ అనుకొని, ఆదివాసీ పిల్లలే తక్కువ మానారని రాయబోయాము! శాస్‌లో చేసిన మిత్రునికి 'ఏ' వర్గానికి +0.569 వచ్చింది. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. ఏ అంటే ఆదివాసీలు, ఎన్ అంటే కానివారు. ఆర్ అక్షరక్రమంలో మొదటి వర్గాన్ని ఆధారంగా పెట్టుకుంటుంది, శాస్ మామూలుగా చివరిదాన్ని. రెండింటి అర్థం ఒకటే: మిగతా అంశాలు సమానమైతే ఆదివాసీ పిల్లల గైర్హాజరు సుమారు 1.77 రెట్లు. ఎందుకు మానారన్న గడి మాత్రం ఆ పట్టీలో లేదు.

ఇంకో చిక్కు. ఆర్ 'తీటా' 1.275 అని చూపితే, స్టాటా 'ఆల్ఫా' 0.784 అని చూపుతుంది. ఒకదానికొకటి విలోమాలు, అంతే. సగటు 16 అనుకోండి. 256ను 1.275తో భాగించి 16 కలిపినా, 0.784తో గుణించి 16 కలిపినా విస్తృతి దాదాపు 217.

ఎస్.పి.ఎస్.ఎస్. సంగతి వేరు. మెనూలో రుణ ద్విపదను ఎంచుకుంటే ఆ విలువను లెక్కగట్టదు, 1 అని పెట్టేస్తుంది. లెక్కగట్టమని మనమే చెప్పాలి. చెప్పకపోతే గుణకాలు, ప్రామాణిక దోషాలు నిజంగానే మారతాయి. చెప్పినా ప్రామాణిక దోషంలో చివరి అంకెలు ఆర్‌తో కలవకపోవచ్చు. ఆర్ ఆ దోషం కట్టేటప్పుడు తీటా ముందే తెలిసినట్టు భావిస్తుంది మరి.