గాలి మీటరు కొంటున్నారా? ధర ఒక్కటే చూడకండి



చలికాలం మొదలైతే ఆయాసం, పిల్లికూతలు ఉన్న పిల్లల ఇళ్లలో ఒక మాట వస్తుంది: "ఇంట్లో గాలి ఎలా ఉందో చూపించే మీటరు ఒకటి కొందామా?" ఆన్‌లైన్‌లో వెతికితే రెండు వేల రూపాయలదీ ఉంటుంది, ఇరవై వేలదీ ఉంటుంది. ఖరీదైనదే సరైన లెక్క చెబుతుందని అనుకుంటాం. అన్నిసార్లూ అలా జరగదు. పైగా లెక్క తప్పితే పోయేది డబ్బు మాత్రమే కాదు. ఎర్ర రంగు చూసి బిడ్డను ఆటకు పంపడం మానేస్తాం. పచ్చ రంగు చూసి తలుపులు మూసిన గదిలో నిశ్చింతగా చదువుకు కూర్చోబెడతాం.

మీటరు ఎలా లెక్కిస్తుంది?

పీఎం 2.5 అంటే 2.5 మైక్రోమీటర్లు, అంతకన్నా చిన్న కణాలు. తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. అందుకే ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. ఇంటి మీటరు వీటిని తూచదు. చిన్న ఫ్యానుతో గాలిని లోపలికి లాగి, దాని మీద లేజర్ కాంతి వేసి, కణాల వల్ల ఎంత కాంతి చెదిరిందో చూసి బరువును అంచనా వేస్తుంది. మీ పిల్లలు హైస్కూలు సైన్సులో చదివే టిండాల్ ప్రభావమే ఇది.

అంచనా కాబట్టి తడబాట్లు ఉంటాయి. గాలిలో తేమ ఎక్కువైతే కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. వానాకాలంలోనూ, విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లోనూ ఇది గుర్తుంచుకోవాలి. కుక్కర్ ఆవిరిని కూడా మీటరు పొగ అనుకోవచ్చు.

ఎక్కువ ధర దేనికి?

చాలా మీటర్ల లోపలి సెన్సర్లను కొద్ది కంపెనీలే తయారు చేస్తాయి. ప్లాంటవర్ వాటిలో ఒకటి. ఒకే రకం సెన్సర్ చవక మీటర్లోనూ ఉండవచ్చు, ఖరీదైన మీటర్లోనూ ఉండవచ్చు. అప్పుడు అదనపు డబ్బు పెద్ద తెరకు, యాప్‌కు, అందమైన డబ్బాకు పోతుంది. నమ్మదగిన పరికరం పక్కన పెట్టి సరిచూసి అమ్మిన మీటరైతే ఆ అదనపు ధరకు అర్థం ఉంది. కొనే ముందు అడగాల్సింది రెండే: లోపలి సెన్సర్ ఏది? దేనితో పోల్చి సరిచేశారు?

పేరున్న మీటర్లకూ ఈ సవరణ తప్పలేదు. అమెరికాలో విస్తృతంగా వాడే పర్పుల్‌ఎయిర్ మీటర్లలో ప్లాంటవర్ సెన్సర్లే ఉంటాయి. వాటి అంకెలను వాడుకోవడానికి అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ ఒక సూత్రం తయారు చేసింది. అందులో మీటరు అంకెను సుమారు 0.52తో గుణించి, తేమను కూడా లెక్కలోకి తీసుకుంటారు. అంటే సవరించని అంకె చాలాసార్లు దాదాపు రెట్టింపు చూపేదన్నమాట.

అదే గాలి, వేరే ఏక్యూఐ

రెండు మీటర్లు వేర్వేరు ఏక్యూఐ చూపితే ఒకటి పాడైందని కాదు. పీఎం 2.5 ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు ఉంటే మన దేశపు పద్ధతిలో ఏక్యూఐ 100. అమెరికా పద్ధతిలో అదే గాలికి 150 దాటుతుంది. దిగుమతి మీటర్లలో చాలావరకు అమెరికా పద్ధతే ఉంటుంది. కాబట్టి ఏక్యూఐని వదిలి మైక్రోగ్రాముల అంకె చూడండి. 24 గంటల సగటుకు మన దేశపు పరిమితి 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 15.

కార్బన్ డయాక్సైడ్ దగ్గర జాగ్రత్త

స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరుస్తుంది, బయటి గాలిని తీసుకురాదు. నలుగురు పడుకున్న గదిలో కార్బన్ డయాక్సైడ్ తేలిగ్గా 1000 పీపీఎం దాటుతుంది. దీన్ని నేరుగా కొలిచేవి ఎన్‌డీఐఆర్ సెన్సర్లు. చాలా చవక మీటర్లలో అవి ఉండవు. వేరే వాయువుల్ని చూసి ఒక అంకె ఊహించి చూపిస్తాయి. ఇక్కడ మాత్రం కాస్త ఎక్కువ ఖర్చు పెట్టడం మంచిది.

పిల్లలతో కలిసి చేయండి

మీటరు వాపసు ఇచ్చే గడువులోపే ఈ మూడు పరీక్షలు పూర్తి చేయండి. అంకెల్ని పిల్లల చేత నోట్‌బుక్‌లో రాయించండి.

1. వారం రోజులు, రోజూ ఒకే సమయానికి మీటరును కిటికీ దగ్గర పెట్టండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో మీకు దగ్గరి కేంద్రం చూపే పీఎం 2.5తో పోల్చండి. హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్క్ వంటి చోట్ల ఈ కేంద్రాలున్నాయి. రెండు అంకెలూ ఒకటే కానక్కర్లేదు, కలిసి పెరిగి కలిసి తగ్గితే చాలు.

2. పోపు పెట్టినప్పుడు, అగరబత్తి వెలిగించినప్పుడు అంకె పెరగాలి. కిటికీలు తెరిచాక తగ్గాలి.

3. కార్బన్ డయాక్సైడ్ మీటరును ఆరుబయట పెడితే 400 నుంచి 500 మధ్య చూపాలి. తర్వాత శానిటైజర్ అద్దిన దూదిని, మీ ఊపిరి తగలకుండా, దాని దగ్గర ఉంచండి. అంకె ఒక్కసారిగా ఎగిరితే అది ఊహించి చెబుతోందని అర్థం.

మరువకూడని రెండు మాటలు

ఈ మీటర్లు కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకోవు. బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే తెర మీద పచ్చ రంగు చూసి ధైర్యపడకండి. గీజర్‌ను బాత్రూమ్ బయట బిగించుకోవాలి, లోపలికి గాలి ఆడాలి. అలాగే మీటరు అంకె చూసి బిడ్డ ఇన్‌హేలర్ మోతాదు మార్చకండి, ఆపకండి. అది డాక్టరు చెప్పాల్సిన మాట.

మీటరు కొనే స్తోమత లేకపోయినా దిగులు వద్దు. చదువుకునే గదిలో దోమల కాయిల్ మానేయడం, వంటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాను వేయడం, దుమ్మును పొడిగా ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవడం ఈరోజే మొదలుపెట్టవచ్చు. వీటికి ఏ మీటరూ అక్కర్లేదు.