బాల్యగృహము – హృదయారోగ్యము

గుండెజబ్బుతో వచ్చిన రోగిని వైద్యుడు కొన్ని ప్రశ్నలు అడుగును. వయస్సెంత, పొగ త్రాగుదురా, మధుమేహము కలదా, తండ్రికిగాని సోదరులకుగాని ఈ వ్యాధి యుండెనా అనునవి అందు ముఖ్యములు. ఎనిమిదేండ్ల ప్రాయమున మీ ఇల్లు ఎట్లుండెడిది అని అడుగువారు అరుదు. ఆ ప్రశ్నకును వైద్యశాస్త్రమున స్థానము కలదని ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి.

బిలాస్పూరులోని తోర్వా వంటి రైల్వే పేటను తీసికొందము. బెంగాల్ నాగపూరు రైల్వే దినములనుండి కొలువునకై ఉత్తరాంధ్రమును విడిచి వచ్చిన తెలుగు కుటుంబములు ఆ ఊర తరతరములుగా నివసించుచున్నవి. రైలు నడుపువారికి పగలు, రాత్రి అను భేదము లేదు. రాత్రి డ్యూటీ ముగించుకొని తెల్లవారుజామున వచ్చిన తండ్రి పగలంతయు నిద్రించును. పిల్లలు గుసగుసలతో ఆడుకొందురు. ఇందు దోషమేమియు లేదు. కాని నిద్రలేమి కోపమునకు చేరువ. వాకిట తండ్రి అడుగుల చప్పుడు వినబడగానే బిడ్డ ఎదురేగునా, లేక గోడకు ఒదిగి నిలుచునా? ఈ రెండింటి నడుమ నున్న భేదము చిన్నదిగా తోచును. ఆ బిడ్డ దేహమునకు మాత్రము అది చిన్నది కాదు.

భయము కలిగినపుడు శరీరము ఎడ్రినలిన్, కార్టిసోల్ అను రసములను రక్తములోనికి విడుచును. గుండె వడి హెచ్చును, రక్తపు పోటు పెరుగును, చక్కెర రక్తములోనికి వచ్చును. పాము కనబడినపుడు ఇది ప్రాణరక్షకము. పాము పోగానే అంతయు సద్దుమణగును. ఇంటిలోనే భయమున్న బిడ్డకు అట్లు సద్దుమణగు అవకాశము తక్కువ. ఏండ్ల తరబడి అట్లే జరిగినచో రక్తనాళములు అరుగుదలకు లోనగును, నిద్ర చెడును. దీనితోపాటు మరియొక మార్గమును కలదు. ఓదార్పు దొరకని మనస్సు యౌవనమున దానిని బీడీయందో, మద్యమునందో, అమితభోజనమునందో వెదకుకొనును. గుండెకు కీడు ఈ రెండు త్రోవలను వచ్చును.

1998లో ఫెలిట్టి, ఆండా అను వైద్యులు, వారి సహచరులు అమెరికాలోని సాన్‌డియాగో నగరమున జరిపిన పరిశీలనను ప్రకటించిరి. దెబ్బలు, దూషణము, ఇంటిలో త్రాగుడు, తల్లిని హింసించుట వంటి కష్టములను ఎన్ని విధములుగా అనుభవించిన, పెద్దయైన పిదప గుండెజబ్బు అంత అధికముగా కానవచ్చెనని వారు కనుగొనిరి. కార్డియా అను మరియొక పరిశీలన 1985–86లో నాలుగు అమెరికా నగరములలో 5,115 మంది యువతీయువకులతో ఆరంభమైనది. అందు వారిని అడిగిన ప్రశ్నలు గమనింపదగినవి. మీరు ప్రేమింపబడుచున్నారని తల్లిదండ్రులు మీకు తోపజేసిరా? మిమ్ము దగ్గరకు తీసికొనిరా? తిట్టి కించపరచిరా? మీరెక్కడ ఏమి చేయుచున్నారో ఇంటివారికి తెలిసియుండెడిదా? ఇల్లు ఒక క్రమమున నడచెడిదా? ధనమును గూర్చిన ప్రశ్న ఇందు ఒకటియు లేదు! బాల్యమున ఆదరణ పొందినవారిలో హృదయారోగ్యము మెరుగుగను, హింసకు గురియైనవారిలో తక్కువగను ఉండెనని 2024లో ప్రకటించిన ఫలితములు తెలిపినవి.

1950 దశకమున హార్వర్డు విశ్వవిద్యాలయ విద్యార్థులతో జరిగిన పరిశీలన తరచుగా ఉదాహరింపబడును. తల్లి ప్రేమను తక్కువగా పొందితిమని చెప్పినవారిలో 91 శాతమునకు ముప్పదియైదేండ్ల పిదప గుండెజబ్బో, అధిక రక్తపు పోటో, మరేదియో వ్యాధి యుండెను. తక్కినవారిలో 45 శాతమునకే యుండెను. ఈ అంకెలను పట్టుకొని తల్లులను నిందించుట అన్యాయము. పరిశీలింపబడినవారు నూటయిరువదియారుగురే, అందరును చదువుకొన్న పురుషులే. అదిగాక, తండ్రి ఆదరణ విషయమునను అట్టి భేదమే కానవచ్చెను. దానిని ఎత్తి చెప్పువారు మాత్రము తక్కువ.

ప్రేమ యొక్కటియే చాలునని తలచుటయు పొరపాటు. హైదరాబాదు సమీపమున ఇరువదితొమ్మిది గ్రామములలో 1987–90 మధ్య ఒక పరిశీలన జరిగినది. పదునైదు గ్రామములలో గర్భిణులకును, ఆరేండ్లలోపు బిడ్డలకును అదనపు ఆహారము అందినది, పదునాలుగింటిలో అందలేదు. ఆ బిడ్డలు కౌమారమునకు వచ్చిన పిదప, 2003–05లో, జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులును, వారి సహకారులును 1,165 మందిని పరీక్షించిరి. ఆహారమందిన గ్రామముల పిల్లల ధమనులు తక్కువ బిరుసుగా నుండెను. వారి దేహము ఇన్సులినునకు మెరుగుగా లోబడుచుండెను. రక్తపు పోటులో మాత్రము స్పష్టమైన భేదము లేదు. గర్భిణి తినిన ముద్ద సైతము బిడ్డకు కలుగు గృహవాతావరణములో భాగమే కదా.

తోర్వా వంటి చోట్ల మరియొక లోటు కలదు. స్వగ్రామమున తండ్రి కసరినచో బిడ్డ అమ్మమ్మ ఒడిలోనికి పరుగెత్తును. వలస వచ్చిన ఇంట ఆ ఒడి వందల మైళ్ళ దూరమున నుండును. ఇంటి బరువంతయు ఇద్దరిమీదనే పడును. స్థిరమైన ఆదరణ చూపు పెద్ద ఒక్కరున్నను కష్టముల దెబ్బ చాలవరకు తగ్గునని శిశుమనస్తత్వవేత్తలు చెప్పుదురు. ఆ ఒక్కరు ప్రక్క క్వార్టరులోని పిన్నిగారు కావచ్చును, బడిలోని మాస్టరుగారు కావచ్చును. తండ్రియు నిద్రించి లేచిన పిదప ఒక అరగంట బిడ్డతో కూర్చుండవచ్చును. అందులకు సెలవు పెట్టనక్కరలేదు.

కఠినమైన బాల్యమును దాటి వచ్చినవారికి గుండెజబ్బు వచ్చియే తీరునని ఈ పరిశోధనలు చెప్పుటలేదు. అవకాశము హెచ్చని మాత్రమే చెప్పుచున్నవి. అట్టివారు ఏబదియవ ఏటివరకు వేచియుండక ముప్పదియవ ఏటనుండియే రక్తపు పోటును, చక్కెరను ఏటేట చూపించుకొనుట, పొగాకును విడుచుట, నిద్రను కాపాడుకొనుట మేలు. వైద్యుడు అడుగకున్నను తమ బాల్యమును గూర్చి ఆయనతో చెప్పవచ్చును.