అతుకు కనబడని గోడ

సున్నపు గోడల మధ్య పెరిగిన మనకు అమెరికా ఇళ్ళలోని జిప్సం పలకల గోడ కొత్త. పలకల అతుకుపై జాయింట్ కాంపౌండ్ పూసి, కాగితపు పట్టీని అందులో అదుముతారు. డబ్బాలో సిద్ధంగా లభించే ఈ ముద్దలో ప్రధానంగా ఉండేవి సున్నపురాతి పొడి, జిగురు, నీరు. నీరు ఆవిరైనకొద్దీ ముద్ద కుంచించుకొనిపోవును. మందంగా పూస్తే బీటలు వారును. కనుక పలుచని పూతలు మూడు, ఒకదానికంటె ఒకటి వెడల్పుగా, నడుమ సుమారు 24 గంటలు ఆరనిచ్చి వేయవలెను. పిమ్మట పక్కనుండి దీపం పట్టితే ఎగుడుదిగుడులు నీడలుగా తెలియును. వాటిని గరుకు కాగితంతో మెల్లగా రుద్దవలెను.

ఒక హెచ్చరిక: ఆస్బెస్టాస్ కలిసిన ఇటువంటి కాంపౌండ్లను అమెరికాలో 1977లో నిషేధించారు. 1980కి ముందు కట్టిన ఇల్లయితే, పరీక్ష చేయించనిదే పాత గోడను రుద్దరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులలో నిలిచి, దశాబ్దాల తరువాత క్యాన్సరుకు దారితీయగలదు; మామూలు మాస్కు దానిని ఆపజాలదు. గోడ నునుపు కంటె ఇంటిల్లిపాది ఊపిరి ముఖ్యం.