ముందు వాడికేం వచ్చో రాయండి

‘మావాడికి చదువు అబ్బదు’ అనే మాట మానేయండి. ఇప్పటికి వాడికేం వచ్చో కాగితం మీద పెట్టండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు వేసే వ్యక్తిగత విద్యా ప్రణాళిక అక్కడే మొదలవుతుంది. ఏం రాదో రాయడానికి మనకెలాగూ ఓపిక ఎక్కువే!

నాలుగో తరగతి పిల్లాడు ఒకడున్నాడనుకుందాం. గుణింతాల దగ్గరే ఆగిపోయాడు. అంగడికి పంపితే మాత్రం చిల్లర పైసా తేడా లేకుండా తెస్తాడు. వాడి ప్రణాళికలో ‘చదవడం మెరుగుపడాలి’ అని రాస్తే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. ఇలా రాయండి: దసరా సెలవుల్లోపు పసుపు, కారం, కందులు లాంటి ఒత్తుల్లేని పది మాటలు తడబడకుండా చదవాలి. బడిలో రోజూ పావుగంట, ఇంట్లో అక్కతో పది నిమిషాలు. శనివారం టీచర్ విని టిక్కు పెట్టాలి. ఒకేసారి ఇలాంటివి రెండు చాలు. పది పెట్టుకుంటే పిల్లాడికంటే ముందు మనమే చేతులెత్తేస్తాం.

మార్కాపురం పలకల ఊరు. ప్రణాళిక కూడా పలక మీది రాతలాగే ఉండాలి. ఆరు వారాలైనా ఒక్క టిక్కు పడలేదా? చెరిపేసి ఇంకో పద్ధతి రాయండి.

మన మార్కాపురం వైపు వలస ఒక చిక్కు. వానలు ముఖం చాటేస్తే అమ్మానాన్నలు హైదరాబాద్ దారి పడతారు. పిల్లాడు అవ్వ దగ్గర మిగులుతాడు, లేదా బడి మారతాడు. అందుకే ప్రణాళికను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. కొత్త టీచర్‌కు చూపిస్తే మళ్లీ అఆల దాకా వెనక్కి పోనక్కర్లేదు. అవ్వ చేయగల పనీ ఒకటి అందులో రాయించండి, రాత్రిపూట మనవడి చేత కథ చెప్పించుకోవడమైనా సరే.

గిద్దలూరైనా, మార్కాపురమైనా సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రం ఎక్కడుందో కనుక్కోండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసమే శిక్షణ పొందిన ఐఈఆర్‌పీ టీచర్లను సాయం అడగండి. మొహమాటం వద్దు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. వాటిని త్వరగా కనిపెట్టి, పిల్లల ప్రగతిని గమనించే బాధ్యత బడిదేనని 16వ సెక్షన్ చెబుతోంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు కూడా ఆ చట్టంలోని మాటే. పదో తరగతి ఫీజు కట్టే రోజున గుర్తొస్తే ఆలస్యమైపోతుంది.

సదరం వైకల్య పత్రం వచ్చాక చూద్దామని ఆగకండి. పింఛను కావాలంటే అందులో కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. పావుగంట పాఠానికి ఆ పత్రంతో పనిలేదు. సోమవారమే బడికి వెళ్లి అడగండి.