ఈమెయిలు ఉత్తరములను సర్వరులోనే వేరుచేయుట – చిన్న కంప్యూటరులో నిలువ ఉంచుకొనుట

రైతు ఉత్పత్తిదారుల సంఘములు కంపెనీలుగా రిజిష్టరు అగుటతో ప్రతి సంఘమునకు ఒక ఈమెయిలు చిరునామా తప్పనిసరి అయినది. బ్యాంకు ఉత్తరములు, విత్తనముల బిల్లులు, పన్నుల తాఖీదులు, గిడ్డంగి లెక్కలు ఆ చిరునామాకే వచ్చును. వీనితోపాటు పనికిరాని ప్రకటనలును వచ్చి పడును. ఆ రాశిలో తాఖీదు కనబడక గడువు దాటినచో అపరాధ రుసుము చెల్లింపవలసి వచ్చును. బిల్లు కనబడనిచో అదనుకు విత్తనము చేరదు. అనేక గ్రామములలో ఇంటర్నెట్టు నిలకడగా ఉండదు. సంఘపు కంప్యూటరు తరచు పాతదై యుండును. ఇట్టి పరిస్థితులలో ఉత్తరములను వేరుచేసి, ఇంటర్నెట్టు లేనపుడు సైతము చదువుకొను విధానము ఇచ్చట వివరింపబడినది.

పాప్, ఐమ్యాప్ పద్ధతులు

మనకు వచ్చిన ఉత్తరము ముందుగా సర్వరు అను దూరపు కంప్యూటరులో చేరును. అచ్చటినుండి తెచ్చుకొనుటకు రెండు పద్ధతులు కలవు.

మొదటిది పాప్. ఇది 1984లో వెలువడినది. ఇది సాధారణముగా ఉత్తరమును మన కంప్యూటరులోనికి దింపి, సర్వరులో చెరిపివేయును. సర్వరులో ప్రతి ఉంచుమని ఏర్పాటు చేయవచ్చును గాని, ఒకచోట చదివిన గుర్తు మరియొకచోట కనబడదు.

రెండవది ఐమ్యాప్. దీనిని 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున మార్క్ క్రిస్పిన్ రూపొందించెను. ఇందులో అసలు ప్రతి సర్వరులోనే ఉండును. మన కంప్యూటరులో ఉండునది దాని నకలు మాత్రమే. అధ్యక్షుడు ఫోనులో చదివిన ఉత్తరము గుమాస్తా కంప్యూటరులో కూడ చదివినట్లే కనబడును. కంప్యూటరు చెడినను ఉత్తరములు పోవు. ఒకే చిరునామాను పలువురు చూచు సంఘములకు ఐమ్యాప్ పద్ధతియే మేలు.

ఎచ్చట వేరుచేయవలెను?

ఉత్తరములను కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు కూడ వేరుచేయగలదు. కాని అది తెరచియున్నపుడే పనిచేయును. ఆఫీసు మూసియున్న రెండు దినములు అధ్యక్షుని ఫోనులో అన్నియు కలగాపులగముగనే ఉండును. రెండు కంప్యూటరులలో వేర్వేరు నియమములున్నచో ఒకటి పెట్టినదానిని మరియొకటి కదిలించును. కళ్లములోనే ధాన్యమును తూర్పారబట్టినచో ఇంటింటను చెరుగు పని ఉండదు. అట్లే సర్వరులో ఒకమారు వేరుచేసినచో అన్ని యంత్రములకును అది చెల్లును.

జీమెయిలులో చేయు విధానము

1. వెదకు గడిలో పంపువారి చిరునామా వ్రాసి ఏయే ఉత్తరములు వచ్చునో చూడవలెను. నియమమును పెట్టుటకు ముందు ఈ పరీక్ష తప్పనిసరి. "రుణము" వంటి మాటలను బట్టి వేరుచేయరాదు. ప్రకటనలలోను ఆ మాట ఉండును.

2. సెట్టింగులలో "ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్" అను భాగమున క్రొత్త ఫిల్టరు చేసి, బ్యాంకు, బిల్లులు, తాఖీదులు, ప్రకటనలు అని నాలుగు లేబుళ్లు ఏర్పరచవలెను. ఇవి ఐమ్యాప్‌లో ఫోల్డరులుగా కనబడును.

3. "స్కిప్ ఇన్‌బాక్స్" అను గుర్తు ప్రకటనలకు మాత్రమే పెట్టవలెను. బ్యాంకువారు తమ చిరునామా మార్చినచో మన నియమము దానికి వర్తింపదు. అయినను ఆ ఉత్తరము ఇన్‌బాక్సులోనే నిలుచును గనుక కంటబడును. నియమము తప్పినను నష్టము రాకుండుట ఈ ఏర్పాటులోని కీలకము.

4. జీమెయిలులో "ఆల్ మెయిల్" అను ఫోల్డరులో దాదాపు ప్రతి ఉత్తరమును మరల కనబడును. లేబుళ్ల పట్టికలో దానికెదురుగా "షో ఇన్ ఐమ్యాప్" గుర్తు తీసివేసినచో ఒకే ఉత్తరము రెండుసార్లు దిగదు.

సొంత మెయిలు సర్వరు గల సంస్థలకు ఈ పనికై సీవ్ అను నియమభాష కలదు. ఇది 2001లో ప్రమాణముగా వెలువడినది. జీమెయిలులో ఇది లేదు.

కంప్యూటరులో నిలువ ఉంచుట

పాత కంప్యూటరుకు క్లాజ్ మెయిల్ అను ఉచిత సాఫ్ట్‌వేరు తగినది. ఇది లినక్సులోను, విండోసులోను పనిచేయును. ఖాతా చేర్చునపుడు ఐమ్యాప్ పద్ధతిని, 993 పోర్టును ఎంచుకొనవలెను. జీమెయిలుకు రెండంచెల ధ్రువీకరణ పెట్టి, 16 అక్షరముల యాప్ పాస్‌వర్డు తీసుకొని వాడవచ్చును.

తరువాత ఫోల్డరుపై కుడి బొత్తాము నొక్కి, ప్రాపర్టీసులో "సింక్రొనైజ్ ఫర్ ఆఫ్‌లైన్ యూజ్" అను గడిలో గుర్తు పెట్టవలెను. ఎన్ని దినముల ఉత్తరములు కావలెనో అచ్చటనే వ్రాయవచ్చును. బిల్లులకు 30 దినములు చాలును. బ్యాంకు, తాఖీదులకు 0 వ్రాసినచో అన్నియు దిగును. ప్రకటనలకు గుర్తు పెట్టనే వలదు. డేటా ఖర్చు తగ్గును.

ఇంటర్నెట్టు ఉన్న సమయమున ఫైలు మెనూలోని "సింక్రొనైజ్ ఫోల్డర్స్" నొక్కవలెను. ఆ పిమ్మట తీగ తీసినను ఉత్తరములు చదువవచ్చును. జవాబులు వ్రాసి "సెండ్ లేటర్" నొక్కినచో వరుసలో నిలుచును. మరల ఇంటర్నెట్టు వచ్చినపుడు వానిని పంపవచ్చును. సాఫ్ట్‌వేరులో వేరే ఫిల్టరులు పెట్టరాదు.

జాగ్రత్తలు

సమన్వయము వేరు, భద్రపరచుట వేరు. ఐమ్యాప్‌లో ఒకరు తుడిచినచో అందరి వద్దను పోవును. జీమెయిలు చెత్తబుట్టలోని ఉత్తరములు 30 దినముల తరువాత పూర్తిగా తొలగింపబడును. కావున నెలకొకమారు ముఖ్యమైన ఫోల్డరులను "ఎక్స్‌పోర్ట్ టు ఎంబాక్స్ ఫైల్" ద్వారా వేరొక డిస్కులో దాచవలెను.

స్పామ్ ఫోల్డరు కూడ 30 దినములకే ఖాళీ అగును. వారమునకొకమారు దానిని చూడవలెను. ఒక చిరునామాకు "నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్" అను గుర్తు పెట్టినచో, ఆ చిరునామాను దొంగిలించి వ్రాసిన ఉత్తరము కూడ తనిఖీ తప్పించుకొనవచ్చును. నారుమడిలో ఊద వరివలెనే కనబడును గదా! బ్యాంకు ఫోల్డరులో ఉన్నంత మాత్రమున దానిని నమ్మి లింకు నొక్కరాదు, ఓటీపీ చెప్పరాదు. బ్యాంకుకు వెళ్లిగాని, పాసుపుస్తకముపై ఉన్న నంబరుకు ఫోను చేసిగాని నిర్ధారించుకొనవలెను.

ఉచిత గూగుల్ ఖాతాకు సాధారణముగా 15 జీబీ స్థలము ఉండును. ఫొటోలు, డ్రైవు ఫైళ్లు కూడ అందులోనివే. అది నిండినచో క్రొత్త ఉత్తరములు అందవు. పంట ఫొటోలకు వేరొక ఖాతా వాడుట మంచిది.

ఒక పూట కూర్చుండి నాలుగు నియమములు పెట్టుకొనినచో ఈ ఏర్పాటు పూర్తి అగును. సంఘపు కార్యదర్శులు ముందుగా తాఖీదులు, బ్యాంకు ఫోల్డరులతో ప్రారంభించి, ఒక వారము పరిశీలించి, తక్కినవానిని చేర్చుకొనవలెను.