అడిగిన మాట పైన, మన జవాబు కింద



ఉత్తరం చదవడం నేర్చుకున్నాం. రాయడం నేర్చుకున్నాం. ఇప్పుడు జవాబు రాసే పద్ధతి నేర్చుకుందాం.

ఈ-మెయిలు కూడా ఉత్తరమే. కాగితం ఉండదు, స్టాంపు ఉండదు. ఫోనులోనో, కంప్యూటరులోనో రాసి పంపుతాం. ఒకే ఉత్తరం పదిమందికి ఒకేసారి వెళ్తుంది. పదిమందీ జవాబు రాయొచ్చు. రచ్చబండ దగ్గర కూర్చుని మాట్లాడుకున్నట్టే. కాని అక్కడ ముఖాలు కనిపిస్తాయి. ఎవరు దేనికి జవాబు చెప్తున్నారో తెలుస్తుంది. ఉత్తరంలో అది మనమే తెలియజెయ్యాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక పొదుపు సంఘంలో 10 మంది ఉన్నారు. లీడరు అందరికీ ఇలా రాసింది:

"గురువారం సాయంత్రం 5 గంటలకు మీటింగు పెట్టుకుందామా? బ్యాంకు వాయిదాకి తలా 500 రూపాయలు తీసుకురండి. కూతురు కాన్పుకి వచ్చిన వదిన మాత్రం ఈ నెల సగం కడితే చాలు. మిగతా సగం పొదుపు డబ్బులోంచి సర్దుదాం."

ఒకామె "సరే" అని రాసింది. దేనికి సరే? మీటింగుకా? డబ్బుకా? ఎవరికీ తెలియలేదు.

ఇంకొకామె ఉత్తరమంతా అలాగే ఉంచి, అడుగున "వస్తాను" అని రాసింది. ఈ-మెయిలులో జవాబు నొక్కితే పాత ఉత్తరం మొత్తం వెంట వస్తుంది. ఎవరూ తీసెయ్యకపోతే నాలుగో జవాబుకి అది గూడ్సు బండి అంత అవుతుంది. అసలు మాట వెతుక్కోవడానికే పొద్దు పోతుంది.

మరి ఎలా రాయాలి? ఇలా రాయాలి:

> గురువారం సాయంత్రం 5 గంటలకు మీటింగు పెట్టుకుందామా?
5 గంటలకు పాలు పోసే వేళ. 7 గంటలకైతే వస్తాను.

> తలా 500 రూపాయలు తీసుకురండి.
తెస్తాను.

ముందు > గుర్తు ఉంటే అది ఎదుటివారి మాట. గుర్తు లేనిది మన మాట. వాట్సాప్‌లో అయితే ఆ మెసేజి మీద వేలు పెట్టి కుడివైపుకి జరపండి. అది మన జవాబు పైన వచ్చి కూర్చుంటుంది.

ఆకుకూర బాగుచేసేటప్పుడు వేర్లు, పండుటాకులు తీసేస్తాం. మంచి ఆకు పారెయ్యం కదా! ఇదీ అంతే. నమస్కారాలు, చివరి సంతకాలు, పాత జవాబులు తీసెయ్యొచ్చు. అడిగిన ప్రశ్న, తేదీ, డబ్బు లెక్క ఉంచాలి. ఎవరన్నారో కూడా ఉండాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఒకామె లీడరు మాటలో "ఈ నెల సగం కడితే చాలు" అన్న ముక్క ఒక్కటే తీసి అందరికీ పంపిందనుకోండి. అందరూ 250 చొప్పున తెస్తారు. 4,750 రూపాయలు రావాలి, 2,500 వస్తాయి. వాయిదా తప్పుతుంది. సంఘానికి మాట వస్తుంది. ఆమె రాసినది అబద్ధం కాదు. కాని సగం మాటే.

భారతంలో ధర్మరాజు అశ్వత్థామ చచ్చాడని గట్టిగా అన్నాడు. ఏనుగు అన్న మాట మెల్లగా అన్నాడు. ద్రోణుడు తన కొడుకే అనుకుని అస్త్రాలు వదిలేశాడు. ఒక్క మాట వినపడకపోతే అర్థమే మారిపోయింది.

1995లో ఇంటర్నెట్టు వాడేవారి కోసం మర్యాదల పట్టిక ఒకటి రాశారు. జవాబుకి కావలసినంత మాటే ఎత్తిరాయాలని అందులోనూ ఉంది. ఎదుటివారి ఉత్తరం ఇతరులకు పంపితే మాటలు మార్చకూడదని కూడా ఉంది.

గుర్తుపెట్టుకుందాం

1. ఏ మాటకు జవాబో ఆ మాట ముందు పెట్టాలి.
2. అక్కర్లేనిది తీసెయ్యాలి. అర్థం మారేలా తియ్యకూడదు.
3. ఎదుటివారి మాట మార్చకూడదు.
4. మనకొక్కరికే రాసిన మాట అడక్కుండా పదిమందిలో పెట్టకూడదు.
5. ఒత్తులు, దీర్ఘాలు తప్పు రాసినవారిని పదిమందిలో వెక్కిరించకూడదు. వెక్కిరిస్తే ఆమె మళ్లీ రాయదు. ఆమె మాట సంఘానికి అందదు.

చేద్దాం

లీడరు ఉత్తరం మళ్లీ చదవండి. మీరైతే ఏ మాట ఉంచుతారు? ఏది తీసేస్తారు? మీ జవాబు పలక మీద రాసి పక్క చెల్లెలికి చూపించండి. ఆమె లీడరు ఉత్తరం చూడకుండానే మీ జవాబు అర్థం చేసుకుంటే, మీరు సరిగ్గా రాసినట్టే.