బుద్ధికి, హృదయానికి వైరం లేదు

షాద్‌నగర్ ప్రాంతంలో 'సూఫీ' అనగానే చాలామందికి ఇన్ముల్‌నర్వలోని జహంగీర్ పీర్ దర్గా గుర్తుకొస్తుంది. 'ఇల్మె కలామ్', అంటే విశ్వాసాలను హేతుబద్ధంగా సమర్థించే శాస్త్రం, పండితుల వాదనగానే మిగిలిపోయింది. తసవ్వుఫ్ హృదయానికి, కలామ్ బుద్ధికి సంబంధించినవనీ, రెండింటికీ పొసగదనీ కొందరి అభిప్రాయం. ఇది ఎంతవరకు నిజం?

హదీసె జిబ్రీల్‌లో దైవప్రవక్త (స) ఇస్లాం, ఈమాన్, ఇహ్‌సాన్ అనే మూడింటిని వివరించారు. కలామ్ పండితులు ఈమాన్‌ను సమర్థించే పనికి పూనుకున్నారు. సూఫీలు ఇహ్‌సాన్‌ను అలవరచుకునే మార్గం వెదికారు.

ఈ రెండు మార్గాలూ బస్రాలో హసన్ బస్రీ (రహ్మ) (క్రీ.శ. 642–728) బోధనా సభను తలచుకుంటాయి. సూఫీలు తమ గురుపరంపరలో ఆయన్ని చెప్పుకుంటారు. ముఅతజిలా వర్గానికి ఆద్యుడైన వాసిల్ బిన్ అతా (మరణం 748) కూడా ఆ సభ నుంచే వేరుపడ్డాడని ప్రసిద్ధ కథనం.

అయితే హేతువాదం చేతికి అధికారం వస్తే ఏమవుతుంది? 833లో ఖలీఫా మామూన్, ఖుర్ఆన్ సృష్టించబడినదన్న ముఅతజిలా వాదాన్ని పండితులపై బలవంతంగా రుద్దాడు. ఒప్పుకోని ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) చెరసాల పాలయ్యారు, కొరడా దెబ్బలు తిన్నారు.

ఆ కాలంలోనే బాగ్దాదులో హారిస్ ముహాసిబీ (రహ్మ) (మరణం 857) ఉండేవారు. తన మనసును తానే లెక్క అడిగే 'ముహాసబా' వల్ల ఆయనకా పేరు వచ్చింది. ఆయన సూఫీ. అయినా బుద్ధి స్వభావంపై గ్రంథం రాశారు, ముఅతజిలాలకు తర్కంతోనే జవాబిచ్చారు. ఇది ఇమామ్ అహ్మద్‌కు నచ్చలేదు. జవాబు కోసమైనా సందేహాన్ని వివరిస్తే, చదివేవాడి మనసులో సందేహమే నాటుకుపోవచ్చని ఆయన భయం.

ఈ సంఘటనను పేర్కొంటూ ఇమామ్ గజాలీ (రహ్మ) (1058–1111) న్యాయమైన తీర్పు చెప్పారు. వ్యాపించని సందేహం విషయంలో ఆ భయం సరైనదే. వ్యాపించిన తర్వాత మాత్రం జవాబు చెప్పి తీరాలి. నేడు ప్రతి సందేహమూ ఫోనులో మన పిల్లల చేతికి అందుతోంది. 'అడగకు' అని నోరు మూయిస్తే వాళ్లు జవాబు మరెక్కడో వెదుక్కుంటారు.

అయితే కలామ్‌లో ఆరితేరిన గజాలీయే 1095లో నిజామియా మదర్సాలోని పదవిని వదిలి వెళ్లారు. వాదంలో గెలిచినంత మాత్రాన కీర్తికాంక్ష పోదని ఆయన తనలోనే గమనించారు.

మన హైదరాబాదులోనూ ఉస్మానియా విశ్వవిద్యాలయ తత్వశాస్త్ర ఆచార్యులు మీర్ వలీయుద్దీన్ ముఅతజిలాల సిద్ధాంతాల గురించీ రాశారు, ఖుర్ఆన్ వెలుగులో తసవ్వుఫ్ గురించీ రాశారు.

సోదరులారా! జ్ఞానం లేని భక్తి దారి తప్పవచ్చు. ఆత్మవిచారణ లేని తర్కం అహంకారంగా మారవచ్చు. పిల్లవాడు ప్రశ్న అడిగితే ఓపికగా జవాబు చెబుదాం. రాత్రి పడుకునే ముందు మన మనసునూ లెక్క అడుగుదాం. అల్లాహ్ మనకు ఈ రెండు భాగ్యాలనూ ప్రసాదించుగాక! ఆమీన్.